శిల్పుల పిల్లలకు కావలసింది ఒక బొమ్మల కట్ట

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజులలో మన జిల్లాలో ఎవరిని కదిపినా ఇంజనీరింగు మాట, కాకుంటే డాక్టరీ మాట. నంద్యాలలో బ్యాంకు పరీక్షల శిక్షణ కోసం ఎక్కడెక్కడి జిల్లాల నుంచో యువకులు వచ్చి గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటారు. ఏ పరీక్షకు ఏ పుస్తకం చదవాలో, ఏ తారీఖులోగా దరఖాస్తు పెట్టాలో ఈ ఊళ్లో టీ కొట్టు వద్ద నిలబడినా తెలుస్తుంది. కాని బొమ్మలు వేసే పిల్లవాడు, ఉలి పట్టిన పిల్లవాడు ఏ కాలేజీకి పోవాలి, పోయేటప్పుడు చేతిలో ఏమి పట్టుకుపోవాలి అని అడిగితే అదే ఊళ్లో చెప్పేవారు కరువు. నలభై కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డను పెట్టుకుని మనకీ దుస్థితి పట్టడం విచారకరం.

ఆళ్లగడ్డ శిల్పుల గురించి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇక్కడ చెక్కిన దేవతామూర్తులు మన రాష్ట్రంలోని గుడులకే కాక ఇతర రాష్ట్రాలకు, సముద్రాలు దాటి విదేశాలలో మనవారు కట్టుకున్న ఆలయాలకు కూడా పోతున్నవి. రోడ్డు పక్కన షెడ్లలో నాయకుల విగ్రహాలు, ఆంజనేయస్వాములు, నందులు వరుసగా నిలబడి లారీ కోసం ఎదురుచూస్తుంటవి. ఆ షెడ్లలోనే, బడి వదిలాక, తండ్రి పక్కన కూర్చుని పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు ఎర్ర రంగుతో రాతి మీద గీత గీయడం, చిన్న ఉలితో నగిషీ దిద్దడం నేర్చుకుంటారు. పట్నాలలో డబ్బు కట్టి చిత్రలేఖనం నేర్చుకునే పిల్లలకు రాని చేతిపట్టు వీరికి వయసుతో పాటే వస్తుంది.

ఈ పిల్లలు చదువదలిస్తే చదువులు లేకపోలేదు. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2020లో ఏర్పడింది. మైదుకూరు మీదుగా బస్సెక్కితే ఒక్కరోజులో పోయి చూసి రావచ్చు. అక్కడి బి.ఎఫ్.ఏ.లో చిత్రలేఖనంతో పాటు శిల్పం కూడా ఒక శాఖ. ప్రవేశానికి ఏడీసెట్ అనే పరీక్ష ఉన్నది. ఇంటర్మీడియట్‌లో ఫలానా గ్రూపే చదివి ఉండాలన్న పట్టింపు లేదు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల శాఖ ఏనాటి నుంచో ఉన్నది. తిరుపతిలో దేవస్థానం వారు 1960లో నెలకొల్పిన సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో పదవ తరగతి ప్యాసైనవారు శిలా శిల్పం, లోహ శిల్పం, సుధా శిల్పం, కొయ్య చెక్కడం వంటివి నేర్చుకోవచ్చు. తమిళనాడులో మహాబలిపురం శిల్ప కళాశాల, ఇంకా దూరం పోదలచినవారికి బరోడా, శాంతినికేతనం ఉండనే ఉన్నవి. దారి తెలియకపోవడమే మన పిల్లల ఇబ్బంది. దానికి తోడు, దారి తెలిసి అక్కడిదాకా పోయినవారు కూడా చేతిలో చూపించుకోవడానికి ఏమీ లేకుండా నిలబడుతున్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పోర్ట్‌ఫోలియో అనే ఇంగ్లీషు మాట ఈ మధ్య బాగా వినిపిస్తున్నది. విద్యార్థి తాను వేసిన, చేసిన పనులలోంచి ఏరి, వరుసగా పేర్చి, ఒక అట్టల మధ్య పెట్టుకున్న కట్టకే ఆ పేరు. అది లేకపోతే ఏ కాలేజీలోనూ సీటు రాదని భయపెట్టేవారు కొందరు బయలుదేరారు. అది నిజం కాదు. మన దేశంలో డిగ్రీ స్థాయి ప్రభుత్వ కాలేజీలలో అధిక భాగం ప్రవేశ పరీక్ష పెట్టి, అక్కడికక్కడే బొమ్మ వేయించి సీటు ఇస్తున్నవి. కట్టను ప్రత్యేకించి అడిగేది ఇంటర్వ్యూ పెట్టే కాలేజీలు, కొన్ని ప్రైవేటు డిజైన్ విద్యాలయాలు, విదేశీ కళాశాలలు, తర్వాత ఎం.ఎఫ్.ఏ. వంటి పై చదువులు. అయినా ఈ విలేకరి ఉద్దేశంలో పరీక్ష రాసే పిల్లవానికి కూడా కట్ట అవసరమే. రెండేళ్లు శ్రద్ధగా కట్ట తయారు చేసుకున్న చేయి పరీక్ష హాలులో తడబడదు. వేల రూపాయలు పోసి నెలరోజుల క్రాష్ కోర్సుకు పంపడం కన్నా ఇది నయం.

ఆళ్లగడ్డ పిల్లవాడి చిక్కు మాత్రం వేరు. చేసిన పని అతని వద్ద ఉండదు. నెలల తరబడి కష్టపడిన విగ్రహం లారీ ఎక్కి వెళ్లిపోతుంది. గుడిలో ప్రతిష్ఠ జరిగాక దానిని ముట్టుకునే హక్కు చెక్కినవానికి కూడా లేదు. పీఠం మీద దాత పేరు ఉంటుంది, ప్రతిష్ఠ చేసిన తేదీ ఉంటుంది, ఉలి పట్టినవాని పేరు సాధారణంగా ఉండదు. ఇది మన సంప్రదాయంలో వస్తున్న మర్యాద. దానిని తప్పు పట్టడం మన ఉద్దేశం కాదు. కాని ఈ మర్యాద దరఖాస్తు ఫారంలో అక్కరకు రాదు.

ఇంటర్వ్యూకు పోయిన ఒక కుర్రవాడిని ఈ విలేకరి ఎరుగును. ఊరు, కాలేజీ పేర్లు అనవసరం. పదేళ్ల వయసు నుంచి షెడ్డులో పని చూసినవాడు. అతడు పట్టుకుపోయినవి సెల్‌ఫోనులో తీసిన నాలుగు ఫొటోలు. ఒకదానిలో పూలదండలు వేసిన విగ్రహం, దాని ముందు మేనమామ, ఊరి పెద్దలు. రెండవ దానిలో క్రేను. విగ్రహం మొహం కనిపించేది ఒక్కదానిలోనే. ఇందులో నీవు చేసినది ఏది అని అడిగితే చెప్పలేకపోయాడు. అబద్ధం చెప్పడం రాక చెప్పలేకపోయాడు. ఎందుకంటే అందులో తండ్రి చేయి ఉన్నది, చిన్నాన్న చేయి ఉన్నది, కూలికి వచ్చిన మరి ఇద్దరి చేతులున్నవి. తనది కిరీటంలోని లతలు, పాదాల వద్ద పద్మం.

అసలు మెలిక ఇక్కడే ఉన్నది. శిల్పశాలలో పని ఉమ్మడిగా సాగుతుంది. బండను మొరటుగా కొట్టి ఆకారానికి తెచ్చేవారు ఒకరు, అంగాలు తీర్చేవారు ఒకరు, ఆభరణాలు దిద్దేవారు ఇంకొకరు. మొహం మాత్రం పెద్దాయన పట్టాలి. కాలేజీవారు అడిగేది ఒక్క మనిషి చేతిపని. ఉమ్మడి పనిలో తన వంతు ఎంతో పిల్లవాడు ఎలా చూపాలి? ఇందుకు ఒక్కటే మార్గం. ఉన్నది ఉన్నట్లు రాయడం. ఫొటో కింద ‘కిరీటం, పద్మపీఠం నేను చేసినవి, తక్కినది మా నాన్నగారిది’ అని ఒక వాక్యం రాస్తే చాలు. చూసే అధ్యాపకుడు దానిని తక్కువ చేయడు. మొత్తం విగ్రహాన్ని తనదని చెప్పుకున్న పిల్లవాడిని రెండు ప్రశ్నలతో పట్టేయగలడు. తన వంతు చెప్పుకున్నవానిని ఆ రాయి ఏ రకం, ఆ లత ఎందుకు అలా తిప్పావు అని అడుగుతాడు. జవాబు ఈ పిల్లలకు నోటికే ఉంటుంది.

అందుకని మొదట జరగవలసినది షెడ్డులో ఒక నోటుపుస్తకం పెట్టడం. ఏ విగ్రహం, ఏ రాయి, ఎంత ఎత్తు, ఏ నెలలో మొదలు, పిల్లవాడు చేసినది ఎంత. ప్రతి దశలోనూ ఒక ఫొటో. బండగా ఉన్నప్పుడు, గీత గీసినప్పుడు, సగం తేలినప్పుడు, ముగిసినప్పుడు. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోను ఉన్నది కనుక ఇది ఖర్చుతో కూడిన పని కాదు. అయితే నల్లరాతిని మిట్టమధ్యాహ్నం ఎండలో ఫొటో తీస్తే నల్లటి ముద్దగా పడుతుంది. పొద్దున్నే ఏటవాలు వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు తీయాలి. వెనుక ఒక సాదా గుడ్డ వేలాడదీయాలి. ఎదురుగా, పక్కగా, వెనుకగా మూడు ఫొటోలు, నగిషీకి దగ్గరగా ఒకటి. పక్కన ఒక స్కేలు నిలబెడితే ఎత్తు తెలుస్తుంది. దండలు, కుంకుమ, చుట్టాలు వేరే ఫొటోలో ఉండవచ్చు.

రాతిపని ఎంత గొప్పదైనా కట్ట అంతా దానితో నింపితే చాలదు. ఈ మాట శిల్పులైన పెద్దలకు కొంచెం కష్టంగా తోచవచ్చు. మన పిల్లలు తాళమానం ప్రకారం దేవతను గీయగలరు. నవతాళం, దశతాళం లెక్కలు చెప్పగలరు. మొహం ఎంత, రొమ్ము ఎంత, మోకాలు ఎక్కడ అని కళ్లు మూసుకుని గీత పెడతారు. కాని ఎదురుగా గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్న అవ్వను గీయమంటే చేయి ఆగుతుంది. ఆమెకు తాళమానం లేదు. నడుము వంగి, చర్మం ముడతలు పడి, చీర కొంగు ఒక వైపు జారి ఉన్న మనిషిని చూసి గీయడం వేరే విద్య. కాలేజీలవారు పిల్లవానిలో చూడదలచినది ఎక్కువగా దీనినే. కళ్లతో చూసినది చేతికి వస్తున్నదా లేదా అని.

దీనికి మన జిల్లాలో కరువు లేదు. నంద్యాల రైల్వే స్టేషనులో బండి కోసం కూర్చున్నవారు గంటసేపు కదలరు. సంతలో మిరపకాయల రాశులు, ఎద్దులు, తక్కెడలు. మహానంది కోనేటిలో నీటి కింద కనిపించే మెట్లు గీయడం ఎంత కష్టమో గీసినవారికే తెలుసు. దిగువ అహోబిలం మండపాలలో స్తంభాల మీద శిల్పాలు చూసి ఒక్కో స్తంభం ముందు ఒక్కో ఆదివారం కూర్చుంటే ఏడాదిలో ఒక పుస్తకం నిండుతుంది. బేతంచెర్ల బండల గనుల వద్ద పొరలు పొరలుగా తేలిన రాయి ఉన్నది. అక్కడ గని గట్టు అంచున కాకుండా దూరంగా కూర్చోవాలని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

కట్టలో పదిహేను నుంచి ఇరవై పనులుంటే చాలు. యాభై పెట్టి విసిగించడం వలన లాభం లేదు. అందులో పెన్సిలు, బొగ్గు, రంగులు అన్నీ ఉండాలి. మనుషులు, వస్తువులు, ఊరి దృశ్యాలు, ఒకటి రెండు సొంత ఊహలు ఉండాలి. శిల్పుల పిల్లలైతే మట్టితో చేసిన చిన్న మోడళ్ల ఫొటోలు కూడా. రఫ్ పుస్తకాన్ని సిగ్గుపడి ఇంట్లో దాచిపెట్టరాదు, దానిని వెంట తీసుకుపోవాలి. అడ్డదిడ్డంగా గీసి కొట్టేసిన గీతలను చూడాలని అధ్యాపకులు కోరుకుంటారు. మానివేయవలసినది మాత్రం ఒకటి ఉన్నది. సినిమా హీరో ఫొటోకు గళ్లు గీసి, ఆ గళ్ల ప్రకారం షేడింగు చేసి, ఫ్రేము కట్టి ఇచ్చే అలవాటు మన వైపు విపరీతంగా పెరిగింది. ఊళ్లో చప్పట్లు పడతాయి, నిజమే. కాలేజీ బల్ల మీద దానికి విలువ తక్కువ.

సామగ్రి గురించి ఒక ముక్క. ఫుల్ ఇంపీరియల్ షీటు అంటే 22 అంగుళాలు, 30 అంగుళాలు. దానిని రెండుగా కోస్తే హాఫ్, నాలుగుగా కోస్తే క్వార్టరు. కొత్తగా మొదలుపెట్టేవారికి క్వార్టరు షీటు మేలు, కాగితం కలిసివస్తుంది. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు నాలుగు చాలు. ప్రతి బొమ్మ వెనుక పేరు, తేదీ, ఎక్కడ కూర్చుని వేసినదీ రాయాలి. బియ్యం బస్తాల పక్కన, వాన కారే మూలన పెడితే ఎలుకలకు, చెదలకు కట్ట సమర్పయామి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పవలసి వస్తున్నది. ఈ కుటుంబాలలో ఉలి సాధారణంగా కొడుక్కు అందుతుంది, కూతురుకు అందదు. ఆమె చేయి మాత్రం ఊరకే ఉండదు. చుక్కల ముగ్గు వేసే పిల్ల ఇరవై ఒక్క చుక్కల లెక్కను కాగితం లేకుండా పట్టుకోగలదు. తండ్రి గీసిన నమూనాలను చూసి చూసి ఆమెకు లత తిప్పడం వచ్చి ఉంటుంది. డిజైను, చిత్రలేఖనం, యానిమేషను శాఖలలో ఈ చేతికి చోటున్నది. పెళ్లి సంబంధం కుదిరేదాకా ఏదో ఒక డిగ్రీ అని చేర్పించే బదులు, ఆమె గీతలు కూడా ఒక అట్టల మధ్య పెట్టి చూడవలసిందిగా తల్లిదండ్రులకు మనవి.

తండ్రులు ఒక ప్రశ్న వేస్తారు. నాలుగేళ్లు కాలేజీకి పోతే షెడ్డులో పని ఎవరు చేస్తారు, వచ్చాక వానికి నేనిచ్చే కూలి కన్నా ఎక్కువ ఎవరిస్తారు అని. ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. నాలుగేళ్ల సంపాదన పోవడం చిన్న కుటుంబానికి పెద్ద దెబ్బ. బి.ఎఫ్.ఏ. ప్యాసైనవారందరికీ ఉద్యోగాలు వస్తున్నవని చెబితే అది వంచన అవుతుంది. అయితే గ్రైండరు మిషను వచ్చాక రాతి ధూళి ఎంత రేగుతున్నదో తండ్రులకే బాగా తెలుసు. ఆ ధూళిని ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటవని, సిలికోసిస్ అనే ఆ జబ్బుకు పూర్తిగా నయమయ్యే మందు లేదని వైద్యులు చెబుతారు. కంప్యూటరుతో నడిచే చెక్కుడు యంత్రాలు కూడా వచ్చినవి. రేపటి రోజున మొరటు పని యంత్రం లాక్కుంటే, నమూనా ఊహించగలవాడికి, గీయగలవాడికి, మట్టిలో మోడలు చేయగలవాడికి పని మిగులుతుంది. కాలేజీ చదువు ఆ వైపు ఉపయోగపడుతుందన్నదే మా ఆశ. పోదలచని పిల్లవాడిని బలవంతంగా పంపమని ఎవరూ అనరు.

పల్లెటూరి పిల్లవాడికి ఇది అయ్యే పనేనా అనేవారికి రాజమండ్రి దామెర్ల రామారావు సంగతి గుర్తు చేయాలి. ఆయన 1897లో పుట్టారు. బొమ్మల పిచ్చి తప్ప స్కూలు చదువు మీద మనసు పోలేదు. అక్కడి ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ చేతి గీతలను చూసి, వెన్నుతట్టి, 1916లో బొంబాయి జె.జె. స్కూలు ఆఫ్ ఆర్టుకు పోయే ఏర్పాటు చేశారు. అక్కడి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ ఆ కుర్రవాని పనిని చూసి నేరుగా మూడవ సంవత్సరంలో చేర్చుకున్నారు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకముందే మశూచితో పోయిన ఆ చిత్రకారుని పేరు మీద రాజమండ్రిలో నేటికీ చిత్రశాల ఉన్నది. బర్న్స్ బల్ల మీద పెట్టడానికి గీసిన బొమ్మలు ఉండబట్టి ఆ సీటు వచ్చింది. అవి చూసి పంపించడానికి ఒక కూల్డ్రే ఉండబట్టి అవి ఆ బల్లదాకా చేరినవి.

మన జిల్లాలో ఆ పని ఎవరు చేయాలి? డ్రాయింగు మాస్టరు ఉన్న హైస్కూలులో ఆయనే చేయగలరు. ప్రభుత్వ పరీక్షల విభాగంవారి డ్రాయింగు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలకు పిల్లలను కట్టించే మాస్టర్లు ఇప్పటికే ఉన్నారు. ఆ సాధనలో వేసిన షీట్లను పారేయకుండా తేదీ వేసి దాచినా సగం కట్ట అయినట్లే. మాస్టరు లేని బడులలో పిల్లలకు దిక్కు లేదు. వారికోసం ఆళ్లగడ్డలో వారానికి ఒక పూట, ఏదైనా ఒక బడి గది తెరిచి ఉంచితే, చేయి తిరిగిన శిల్పులలో ఒకరిద్దరు, చదువుకుని ఇంటికి వచ్చిన పాత విద్యార్థులు ఒకరిద్దరు కూర్చుంటే చాలు. శిల్పి రాతిని గురించి చెబుతాడు, చదువుకున్నవాడు దరఖాస్తు గురించి చెబుతాడు. పూర్వ విద్యార్థి మాటకే పిల్లలు ఎక్కువ విలువ ఇస్తారు. ఫారం నింపడంలో, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ముందుగా తీసుకోవడంలో అతడు పడిన తిప్పలు వీరికి తప్పుతవి.

అమెరికాలో 1970ల చివరి నుంచి ఒక పద్ధతి నడుస్తున్నది. ఏటా ఒక్కో ఊళ్లో ఒక రోజు ఏర్పాటు చేసి కళాశాలల వారంతా వచ్చి బల్లలు వేసుకుని కూర్చుంటారు. హైస్కూలు పిల్లలు తమ కట్టలు పట్టుకుని వరుసలో నిలబడతారు. ఇది బాగున్నది, ఇది తీసేయి, ఇలాంటివి ఇంకో నాలుగు వేసుకుని రా అని మొహం మీదే చెప్పి పంపిస్తారు. సీటు ఆ రోజే ఇవ్వడం ముఖ్యం కాదు, పిల్లవాడికి లోపం ముందుగా తెలియడం ముఖ్యం. అటువంటి రోజు ఒకటి నంద్యాలలో జరపడం మనకు చేతకాని పని కాదు. కడప విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు, తిరుపతి శిల్ప సంస్థ నుంచి ఒకరు, విశాఖ నుంచి ఒకరు అధ్యాపకులను పిలిస్తే చాలు. వారికి దారిఖర్చులు, మధ్యాహ్న భోజనం, పిల్లలకు మజ్జిగ. సన్మానాలు, శాలువాలు, రెండు గంటల ఉపన్యాసాలు పెట్టి పిల్లలను ఎండలో నిలబెట్టకుండా ఉంటే పుణ్యం.

ఆ రోజును ప్రవేశ పరీక్షల ముందు ఏప్రిల్‌లో పెడితే ప్రయోజనం లేదు, సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉండదు. దసరా సెలవులకు, సంక్రాంతికి నడుమ పెడితే ఇంటర్ రెండవ సంవత్సరం పిల్లలకు నాలుగైదు నెలలు చేతిలో ఉంటవి. తొమ్మిది, పది తరగతుల వారు చూసి పోయినా మేలే. జిల్లా విద్యాశాఖాధికారి గారు ఒక హైస్కూలు ఆవరణను అనుమతించి, మండలాలలోని ప్రధానోపాధ్యాయులకు ఒక సర్క్యులరు పంపితే తక్కిన ఏర్పాటుకు ఆళ్లగడ్డ శిల్పులు, నంద్యాల చిత్రకారులు వెనుకాడరని మా నమ్మకం. ఈలోగా షెడ్లలో పిల్లలున్న పెద్దలు నోటుపుస్తకం ఒకటి కొని, ఇప్పుడు ఉలి కింద ఉన్న విగ్రహం పేరు, రాయి, ఎత్తు మొదటి పేజీలో రాయించవలసిందిగా కోరుతున్నాము. లారీ వచ్చేలోగా ఫొటోలు కూడా తీయించాలి.